దేవదారు దప్పిక

కొన్ని వస్తువులను మనం కంటితో చూడక ముందే మాటల ద్వారా ఎరుగుతాం. సముద్రాన్ని ఎన్నడూ చూడని పిల్లవాడికి కూడా ఆ పదానికి నాలుగు పర్యాయపదాలు కంఠస్థమై ఉంటాయి. నాకు హిమాలయాలు అలాగే పరిచయమయ్యాయి. అనంతపురం జిల్లాలోని ఒక మెట్ట గ్రామంలో పుట్టి, మంచు అంటే పుష్యమాసపు తెల్లవారుజామున చేల మీద పరచుకొనే పలుచని తెర అని మాత్రమే తెలిసిన నేను, కావ్యాలలోని హిమాలయ వర్ణనలను చదివి, వాటికి నా పరిశోధన గ్రంథంలో ఒక అధ్యాయమే కేటాయించాను. దేవదారువు, సరళము, భూర్జము అనే వృక్షాల పేర్లు ఏ కావ్యంలో ఏ సందర్భంలో వచ్చాయో చెప్పగలిగేవాణ్ణి. దేవతల దారువు కనుక దేవదారువు అని వ్యుత్పత్తి చెప్పి, తరగతిలో ముందుకు సాగిపోయేవాణ్ణి. ఆ చెట్టు ఎక్కడ నీరు త్రాగి ఎలా పెరుగుతుందన్న ప్రశ్న నా పరీక్షకులెవరూ అడుగలేదు. నాకూ తోచలేదు.

ఆ ప్రశ్నను మొదట అడిగినవారు మా నాయన. ఆయన ఐదవ తరగతికి మించి చదువుకోలేదు.

1996వ సంవత్సరం మే నెలలో ఆయనను గంగోత్రి యాత్రకు తీసుకొని వెళ్లాను. ఋషికేశం నుంచి బయలుదేరిన బస్సు భాగీరథి లోయ వెంట పైకి ఎక్కుతున్నకొద్దీ చెట్ల తీరు మారుతూ వచ్చింది. కొండల పాదాల వద్ద సాలవృక్షాలు; మరికొంత ఎత్తుకు వెళ్లగానే పొడవైన సూదుల వంటి ఆకులతో చీడ్ చెట్లు. కాళిదాసు సరళవృక్షం అన్నది ఈ చీడ్ చెట్టునే. ఉత్తరకాశి దాటి ఇంకా పైకి పోయి, దాదాపు 2,600 మీటర్ల ఎత్తున ఉన్న హర్షిల్ అనే ఊరి దగ్గర బస్సు ఆగింది. అక్కడ మొదటిసారి దేవదారు వనాన్ని చూశాను. మాను నిటారుగా ఆకాశంలోకి లేచి ఉంది. కొమ్మలు అంతస్తులు అంతస్తులుగా అడ్డంగా చాచుకొని ఉన్నాయి. ఆకులు నీలిమ కలిసిన ఆకుపచ్చ రంగులో కుచ్చులు కుచ్చులుగా ఉన్నాయి. ఇన్నేళ్లూ పుస్తకంలో చదివిన మాట ఎదుట నిలబడితే కలిగే ఆనందంతో నాకు నోట మాట రాలేదు.

మా నాయన మాత్రం చెట్టు పైకి చూడలేదు. మొదలు దగ్గర కూర్చొని, చిటికెడు మన్ను తీసి వేళ్ల మధ్య నలిపి చూశారు. సేద్యగాని అలవాటు అది. తరువాత, దూరంగా లోయ అడుగున హోరెత్తుతున్న భాగీరథిని చూసి అన్నారు:

“ఏమిరా, గంగమ్మ ఆడ కిందుంది. మాను ఈడ కొండ మీదుంది. ఇంత పెద్ద మాను నీళ్లు యాడ తాగుతాది?”

“ఇది దేవతల చెట్టు నాయనా” అని నవ్వుతూ తప్పించుకోబోయాను.

“దేవతల మానైతే మాత్రం దప్పిక కాకుండా ఉంటాదా?” అన్నారాయన.

నా దగ్గర సమాధానం లేదు. బస్సు బయలుదేరింది. గంగోత్రిలో స్నానం, దర్శనం అన్నీ సవ్యంగా జరిగాయి. తిరుగు ప్రయాణంలో ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆయన ఆ ప్రశ్న వేయడంలో ఆశ్చర్యం లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే సీమలో వేరుశనగ పండించినవాడు ఏ మొక్కను చూసినా మొదట దాని నీటి సంగతే ఆలోచిస్తాడు. వాన వెలిసిన వెంటనే మా నాయన చేనికి పోయి, వ్రేలితో మట్టిని గుచ్చి పదును చూసేవారు. పదును అంటే విత్తనం మొలవడానికి తగిన తేమ. “వాన ఎంత పడిందని గాదు, నేల ఎంత తాగిందని చూడాల” అనేవారు. ఒక్క గంటలో కుండపోతగా కురిసి వాగుల పాలైన వాన కంటే, రెండు రోజులు నిదానంగా పడిన తుంపర మేలని ఆయన నమ్మకం. 2008లో ఆయన కాలం చేశారు. హర్షిల్ దేవదారు నీడలో ఆయన వేసిన ప్రశ్న మాత్రం నా వద్దనే మిగిలిపోయింది.

ఆ ప్రశ్నకు సమాధానం నా పూర్వ విద్యార్థిని ఒకామె వల్ల లభించింది. ఇంటర్మీడియట్‌లో నా దగ్గర తెలుగు చదువుకొన్న ఆ అమ్మాయి, తరువాత అటవీ విజ్ఞానం అభ్యసించి, చెట్ల వార్షిక వలయాల మీద పరిశోధన చేస్తూ డెహ్రాడూన్‌లో స్థిరపడింది. ఒకసారి ఫోన్‌లో మాటల మధ్య మా నాయన ప్రశ్నను ఆమెకు చెప్పాను. ఆమె వెంటనే, “సార్, మేము చేస్తున్న పని అంతా అదే ప్రశ్న. ఒకసారి రండి” అన్నది. 2019 అక్టోబరులో వెళ్లాను.

మొదట డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థ ప్రదర్శనశాలకు తీసుకొని వెళ్లింది. అక్కడ ఏడు వందల ఏళ్లకు పైగా జీవించిన ఒక దేవదారు మాను అడ్డుకోతను భద్రపరిచారు. బండిచక్రం కంటే పెద్దదైన ఆ చెక్క నిండా నీటిలో రాయి వేసినప్పుడు ఏర్పడే అలల వంటి వలయాలు. పదహారవ శతాబ్దంలో అల్లసాని పెద్దన విజయనగరంలో కూర్చొని హిమాలయాన్ని వర్ణిస్తున్న కాలానికి ఈ చెట్టు హిమాలయం మీద నిలబడే ఉంది కదా అని తలచుకొని, ఆ వలయాలను తదేకంగా చూస్తూ ఉండిపోయాను.

ఆమె ఇలా వివరించింది. దేవదారు, చీడ్, కైల్, స్ప్రూస్, ఫర్ వంటి చెట్లను శృంగాకార వృక్షాలంటారు. వీటికి పూలు పూయవు. విత్తనాలు శంకువులలో పెరుగుతాయి. మన కోస్తా తీరంలోని సరుగుడు చెట్టు చూడడానికి వీటిలాగే కనిపించినా అది పుష్పించే జాతికి చెందినది. దాని సూదులు నిజానికి సన్నని పచ్చని రెమ్మలు. శృంగాకార వృక్షాల సూదులు అసలైన ఆకులే. వాటి మీద ఉండే మైనపు పూత లోపలి తేమను కాపాడుతుంది. వసంతంలో మంచు కరిగి నేల తడిసినప్పుడు బెరడు క్రింది కణజాలం మేల్కొని పెద్ద పెద్ద కణాలను పుట్టిస్తుంది. ఇది లేత రంగులో ఉండే వసంతదారువు. పెరుగుదల కాలం ముగిసే వేళకు చిన్నవి, దళసరి గోడలు కలవి అయిన కణాలు ఏర్పడతాయి. ఇది ముదురు రంగులో ఉండే శరద్దారువు. ఈ రెండూ కలిస్తే ఒక వలయం, అంటే ఒక సంవత్సరం. చెట్టుకు అనుకూలించిన ఏడు వలయం వెడల్పుగా, అనుకూలించని ఏడు సన్నగా ఉంటుంది.

ఈ వలయాలను చదివే శాస్త్రానికి ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకాలలో పునాది వేసినవాడు ఆండ్రూ డగ్లస్ అనే అమెరికా ఖగోళ శాస్త్రజ్ఞుడు. సూర్యునిపై కనిపించే మచ్చల ప్రభావాన్ని వెదుకుతూ ఆయన చెట్ల దగ్గరకు వచ్చాడు. ఒక్క చెట్టును చూసి శాస్త్రజ్ఞులు ఏదీ తేల్చరు. మరీ గడ్డు సంవత్సరాలలో ఒక చెట్టులో వలయమే ఏర్పడకపోవచ్చు. అందువల్ల ఒకే ప్రాంతంలోని అనేక వృక్షాల వలయాలను ప్రక్క ప్రక్కన పెట్టి సరిపోల్చుతారు. ఈ మాట వినగానే నాకు పాఠపరిష్కరణ గుర్తుకు వచ్చింది. ఒక తాళపత్ర ప్రతిలో లోపించిన పద్యాన్ని మరొక ప్రతి సహాయంతో పూరించడం మాకు తెలిసిన పనే. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు ఈ విధంగానే లాహుల్ ప్రాంతపు జూనిపర్ చెట్ల నుంచి పదిహేను వందల ఏళ్లకు పైబడిన వలయాల క్రమాన్ని కూర్చారు. నన్నయకు దాదాపు ఆరు శతాబ్దాల పూర్వం నుంచి ఏ యేడు చెట్టు బాగా పెరిగిందో, ఏ యేడు కృశించిందో అందులో నమోదై ఉంది.

మరునాడు హర్షిల్‌కు బయలుదేరాం. ఇరవై మూడేళ్ల తరువాత అదే లోయ. నాయనతో కలిసి నిలబడిన చెట్టు ఏదో గుర్తుపట్టలేకపోయాను. ఆమె అనుమతి పొందిన ఒక చెట్టును ఎంచుకొని, బోలుగా ఉన్న బరమా వంటి పనిముట్టును మానులోకి నిదానంగా త్రిప్పింది. పెన్సిలు కంటే సన్నని కట్టెపుల్ల ఒకటి బయటికి వచ్చింది. చెట్టును నరకకుండానే దాని వయస్సును, అనుభవాన్ని చదివే పద్ధతి ఇది. ఆ పుల్ల మీద వరుసగా గీతలు. వాటిలో కొన్ని ఎడంగా ఉన్నాయి. కొన్ని చోట్ల భూతద్దం లేనిదే విడివిడిగా కనిపించనంత దగ్గరగా ఉన్నాయి.

“మీ నాన్నగారి ప్రశ్నకు జవాబు ఇందులో ఉంది సార్” అన్నది. “ఈ చెట్టు త్రాగేది గంగను కాదు, మంచును.”

శీతకాలంలో మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే వాయుగుండాలు పశ్చిమ హిమాలయాల మీద మంచు కురిపిస్తాయి. ఆ మంచు నెలల తరబడి నేలను కప్పి ఉండి, వసంతంలో బొట్టు బొట్టుగా కరిగి మట్టిలోకి ఇంకుతుంది. ఋతుపవనాలు జూన్ చివరకు గాని అక్కడికి చేరవు. పైగా ఈ లోపలి లోయలకు ఆ వర్షం అంతగా అందదు. మార్చి మొదలు మే వరకు, అంటే చెట్టు కొత్త కణాలను పుట్టించే కీలకమైన కాలంలో, దానికి ముఖ్యమైన ఆధారం ఆ మంచు తేమ. మంచు బాగా కురిసి, వసంతం చల్లగా గడిచిన సంవత్సరాలలో దేవదారు వలయం వెడల్పుగా ఉంటుంది. మంచు తక్కువై, వసంతంలోనే ఎండలు ముదిరితే నేల ముందుగానే ఆరిపోతుంది. చెట్టు తన తేమను కాపాడుకోవడానికి పత్రరంధ్రాలను మూసుకొంటుంది. అవి మూసుకొంటే ఆహారం తయారు కాదు. ఆ యేటి వలయం సన్నబడుతుంది.

నేను ఒక్క క్షణం ఏమీ మాట్లాడలేకపోయాను. అది పదును. మా నాయన జీవితమంతా వ్రేలితో గుచ్చి చూసిన పదునే. ఈ మాట ఆయనకు చెప్పి ఉంటే, “అదే గదా నేను అడిగింది” అని ఉండేవారు.

“మరి భూమి వేడెక్కుతున్నదంటున్నారు కదమ్మా, ఈ చెట్లన్నీ సన్నబడిపోతాయా?” అని అడిగాను.

“అంత సులభమైన లెక్క కాదు సార్” అని ఆమె పై కొండను చూపింది.

గంగోత్రి దాటి గోముఖానికి పోయే దారిలో చీర్‌బాసా, భోజ్‌బాసా అనే రెండు మజిలీలు ఉన్నాయి. చీర్‌బాసా అంటే చీడ్ జాతి చెట్ల నివాసం. భోజ్‌బాసా అంటే భూర్జవృక్షాల నివాసం. ఏ ఎత్తున ఏ చెట్టు ఉండాలో కొండ వ్రాసిపెట్టుకొన్న చిరునామాలవి. అడవి అంచులో, చెట్టు బ్రతకగలిగే చిట్టచివరి ఎత్తులో, చెట్టును అడ్డుకొనేది దప్పిక కాదు, చలి. అక్కడ వేడి పెరిగితే పెరుగుదల కాలం పొడిగింపబడి, కొన్ని చోట్ల కైల్, ఫర్ చెట్ల వలయాలు వెడల్పవుతున్నాయి. ఒకప్పుడు గడ్డి మాత్రమే మొలిచిన పచ్చిక మైదానాలలోకి కైల్ మొలకలు ప్రాకుతున్నాయి. ఒకే వేడిమి క్రింది చెట్టును కృశింపజేస్తుంది. పై చెట్టును త్వరపెడుతుంది.

పైనైనా మంచి జరుగుతున్నది కదా అని సంతోషించబోయాను. అంతలోనే ఆమె మూడు సంగతులు చెప్పింది. మొదటిది, పచ్చిక బయళ్లు అడవిగా మారితే వాటినే నమ్ముకొన్న మూలికలకు, మేకలూ గొర్రెలూ మేపుకొనే కాపరులకు చోటు తగ్గిపోతుంది. రెండవది, కొండకు శిఖరం ఉంది. చెట్లు ఎంత పైకి జరిగినా ఒకచోట ఆగక తప్పదు. మూడవది నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. స్పెయిన్‌లోని పిరనీస్ పర్వతాలలోను, రష్యాలోని ఆల్టాయ్ పర్వతాలలోను అనేక శృంగాకార వృక్షాలను పరీక్షించి 2019లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, చిన్నతనంలో వేగంగా పెరిగిన చెట్లు త్వరగా మరణిస్తున్నాయని తేలింది. చలిలో నిదానంగా పెరిగిన చెట్టు కలప గట్టిది, ఆయువు ఎక్కువ. చెట్టు ఎంత కాలం నిలిస్తే, అది గాలి నుంచి గ్రహించిన బొగ్గుపులుసు వాయువు అంత కాలం దానిలో బందీగా ఉంటుంది.

తిరుగు దారిలో క్రింది కొండల మీద చీడ్ వనాలలో నల్లగా కాలిన మానులు కనిపించాయి. వేసవిలో ఈ చెట్లు రాల్చే సూదులను అక్కడివారు పిరుల్ అంటారు. జిగురు నిండిన ఆ సూదులు ఎండి నేల మీద మెత్తగా పరచుకొంటాయి. శీతకాలపు తడి లేని ఏడు ఒక్క నిప్పురవ్వ చాలు. 2016లో ఉత్తరాఖండ్‌లో నాలుగు వేల హెక్టార్లకు పైగా అడవి తగలబడింది. 2024 వేసవిలోనూ ఆ కొండలు మళ్లీ మండాయి. చీడ్ దళసరి బెరడు వల్ల పెద్ద చెట్టు చాలాసార్లు బ్రతికి బయటపడుతుంది. దాని నీడలో మొలిచిన చిన్న మొక్కకు ఆ రక్షణ లేదు.

ఇంటికి వచ్చిన తరువాత నా పాత పుస్తకాలు మళ్లీ తీశాను. రఘువంశం రెండవ సర్గలో ఒక దేవదారు వృక్షం ఉంది. శివుడు దానిని పుత్రునిగా స్వీకరించాడని, పార్వతి స్వయంగా నీరు పోసి పెంచిందని, ఒక అడవి ఏనుగు దురద తీర్చుకొంటూ దాని బెరడును ఒరిపిడితో రేపితే కన్నకొడుకుకు గాయమైనట్లు ఆమె దుఃఖించిందని కాళిదాసు చెప్పాడు. దీనిని ఎన్నోసార్లు బోధించాను. వాత్సల్యానికి ఉదాహరణగా మాత్రమే చెప్పాను. పార్వతి ఎవరు? హిమవంతుని కుమార్తె. మంచుకొండ బిడ్డ దేవదారుకు నీరు పోసింది! కాళిదాసుకు ఈనాటి విజ్ఞానశాస్త్రం తెలుసునని నేను అనడం లేదు. అలా అనడం కవికీ, శాస్త్రానికీ అన్యాయమే. ఆ చెట్టుకు దప్పిక ఉంటుందని, ఎవరో ఒకరు దానికి నీరు పోయవలసి ఉంటుందని మాత్రం ఆయన ఊహించాడు. మా నాయన అడిగిన ప్రశ్న ఆ కావ్యంలోనే ఉంది. నేను చదువుతూ కూడా దానిని గమనించలేదు.

మనుచరిత్రలో ప్రవరుని కథ మీకు తెలిసినదే. సిద్ధుడిచ్చిన పాదలేపనంతో హిమాలయానికి వెళ్లిన ప్రవరుడు, ఎండకు కరిగిన మంచునీటిలో ఆ లేపనం కరిగిపోవడంతో ఇల్లు చేరలేక చిక్కుకొంటాడు. మంచు కరగడం ఆ కథలో ఒక మలుపు. అగ్నిదేవుని ప్రార్థించి ప్రవరుడు చివరకు ఇల్లు చేరాడు. నేడు కరుగుతున్న మంచు అంత సులభంగా మనల్ని ఒడ్డుకు చేర్చేది కాదు. కాఠ్మండులోని ఇసిమోడ్ అనే పర్వత అధ్యయన కేంద్రం 2025లో ప్రకటించిన ప్రకారం, హిందూకుష్ హిమాలయ ప్రాంతంలో ఆ శీతకాలం నేల మీద నిలిచిన మంచు సాధారణం కంటే 23.6 శాతం తక్కువ. ఇరవై మూడేళ్లలో అదే కనిష్ఠం. అది వరుసగా మూడవ లోటు సంవత్సరం కూడా. ఆ అంకె చదివినప్పుడు నా కళ్ల ముందు పట్టిక కనిపించలేదు. ఒక కట్టెపుల్ల మీద మరీ దగ్గరగా పడిన మూడు సన్నని గీతలు కనిపించాయి.

మా ఊరిలో వరుసగా వానలు తప్పిన ఏళ్లలో ఇళ్లకు తాళాలు వేసి బెంగుళూరుకు వలస పోయినవారిని నేను ఎరుగుదును. మా నాయన పోలేదు. “చేను ఈడుంటే నేను యాడికి పోదును?” అన్నారు. ఆ సంవత్సరాలలో ఆయన ముఖం మీద పడిన ముడుతలు ఆయన చివరి దాకా అలాగే ఉన్నాయి. దేవదారు కూడా వలస పోలేదు. దాని విత్తనాలు గాలికి కొద్ది కొద్దిగా పైకి ప్రయాణం చేయవచ్చు. వేళ్లు దిగిన చెట్టు మాత్రం నిలబడిన చోటనే ఆ యేటి కరవును తన దేహంలో వ్రాసుకొంటుంది. తరాలు పట్టే ఆ ప్రయాణానికి చెట్టు సిద్ధమే గాని, వాతావరణం అంత ఓపిక పట్టడం లేదు.

విద్యార్థి మిత్రులారా, ఇప్పటికీ నేను హిమాలయ వర్ణనలను బోధిస్తూనే ఉన్నాను. దేవదారువు అన్న మాట వచ్చినప్పుడు వ్యుత్పత్తి చెబుతాను, అలంకారం చెబుతాను. తరువాత పుస్తకం మూసి, ఆ చెట్టు నీళ్లు ఎక్కడ త్రాగుతుందో చెప్పమని అడుగుతాను. మొదట తరగతి నవ్వుతుంది. క్రమంగా ఒక్కొక్కరు తమ చేను గురించి, ఎండిన బోరు గురించి, తాత చెప్పిన పాత వానల గురించి మాట్లాడడం మొదలుపెడతారు. మనం కాల్చే బొగ్గు, పెట్రోలు వల్ల పుట్టిన వేడి ఎక్కడి మంచునో కరిగిస్తున్నదన్న సంగతి అప్పుడు వారికి నేను చెప్పవలసిన పని ఉండదు.

ఆ కట్టెపుల్ల నుంచి ఒక చిన్న ముక్కను ఆ అమ్మాయి నాకు జ్ఞాపకంగా ఇచ్చింది. దానిని నా బల్ల మీద, నిఘంటువు ప్రక్కన ఉంచుకొన్నాను. ఇప్పటికీ ముక్కు దగ్గర పెట్టుకొంటే సన్నని పరిమళం వస్తుంది. దాని చివరి వలయం 2019వ సంవత్సరానిది. ఆ తరువాతి వలయాలు హర్షిల్ కొండ మీద, ఆ మానులోనే ఏర్పడుతున్నాయి. అవి ఎంత వెడల్పుగా ఉంటాయన్నది చెట్టు చేతిలో మాత్రమే లేదు.